దైతారి బాబు ఇంట్లోకి దారి

కటక్‌లో వెండి తీగపని చేసేవాళ్ళు సందుకు పదిమంది ఉంటారు గానీ, వెండితో పాటు మాటను కూడా సన్నగా, పొడుగ్గా లాగగలిగినవాడు దుర్యోధన్ మహారణా ఒక్కడే. తులం వెండి చేతికిస్తే సందు ఈ మొదలు నుంచి ఆ చివరి దాకా తీగ సాగదీస్తాడు. ఆవగింజంత సంగతి చేతికిస్తే ఊరి పొలిమేర దాటిస్తాడు. మనిషి మంచివాడే. ఒకరి సొమ్ము ముట్టడు, ఒకరిని నొప్పించడు. కోతలు కోయకుండా మాత్రం పూట గడవదు.

ఆ ఆదివారం పొద్దున అతని అరుగు మీద ఎండ బాగా పడింది. పాన్ కొట్టు బటా స్తంభానికి ఆనుకుని టీ ఊదుకుంటున్నాడు. అతని పక్కన సాహి పాఠాగారానికి, అంటే ఆ పేట గ్రంథాలయానికి, కార్యదర్శి అయిన గోకుళానంద బాబు చిన్న నోటు పుస్తకం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు. ఆయన అంత పొద్దున్నే ఆ అరుగెక్కడానికి కారణముంది.

వచ్చే ఆదివారం పాఠాగారం వార్షికోత్సవం. పిల్లల కథలు రాసిన దైతారి కర్ పుట్టి నూరేళ్ళయిన సందర్భం కూడా కలిసొచ్చింది. ఆయన కథ వినకుండా నిద్రపోయిన పిల్ల ఆ సందులో లేదు. ఆయన గురించి మాట్లాడతానని ఒప్పుకున్న భువనేశ్వర్ పెద్దమనిషికి జ్వరమొచ్చి, రానని కబురు పంపాడు. ఇక మిగిలింది రిటైరైన మాస్టారు. ఆయన దగ్గర నలభై పేజీల వ్యాసం సిద్ధంగా ఉంది. నిరుడు ఆయన ఐదో పేజీకి వచ్చేసరికి పిల్లలు, పదో పేజీకి పెద్దలు కునుకు తీశారు. అందుకని గోకుళానంద బాబు వేరే మనిషి కోసం వెతుకుతుంటే, దుర్యోధన్ మొన్న గురువారం పెళ్ళాం పిల్లలతో దైతారి బాబు సొంతూరు తెంతులిపదా వెళ్ళొచ్చాడని తెలిసింది.

గుమ్మం లోపల అత్తగారి పక్కన కూర్చుని తోటకూర బాగుచేస్తున్న కుముదిని చెవులు అరుగు మీదే ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా పాఠాగారం సభలకి తివాచీలు పరిచేదీ, మైకు తీగలు కట్టేదీ తన మొగుడే. దీపాలు వెలిగాక వేదిక ఎక్కే భాగ్యం మాత్రం అతనికి ఒక్కసారీ పట్టలేదు. నిన్న పొద్దున అద్దం ముందు శాలువా కప్పుకుని, "సభకు నమస్కారం" అని గొంతు సవరించుకుంటుంటే చూసి, చూడనట్టు వెళ్ళిపోయింది. ఈసారి వేదిక మీద కుర్చీ అతనికి దక్కాలని ఆమెకి ఎంత ఉందో చెప్పలేం. కానీ తెంతులిపదాలో ఏం జరిగిందో ఆమెకి తెలుసు. తిరుగు బండిలోనే, "ఎవ్వరికీ చెప్పకు, నా మీద ఒట్టు" అని ఆమె నోరు కట్టేశాడు. ఈ పొద్దున ఆరేళ్ళ రునూ నోటికి దహీబరా ఆలూదమ్ పెరుగువడల దొన్నె అడ్డం పెట్టాడు. మూడేళ్ళ ఝిలికి ఆ అవసరం లేదు. ఆ పిల్ల ఒంటి చెప్పుతో అరుగు కింద బొద్దింకను తరుముతోంది.

"పెద్ద విశేషమేం లేదు బాబూ," అన్నాడు దుర్యోధన్ వినయంగా.

కుముదిని చేతిలో తోటకూర కాడ వదిలేసి గుమ్మం వైపు జరిగింది. వినయంగా మొదలుపెట్టిన రోజునే అతను ఎక్కువ దూరం పోతాడు.

"గురువారం కొట్టు సెలవు కదా, పిల్లలకి దైతారి బాబు పుట్టిన ఊరు చూపిద్దామని పొద్దున్నే ప్యాసింజరు ఎక్కాం. లోపల కాలు పెట్టే చోటు లేదు. ఏదో మన అదృష్టం, నలుగురికీ కిటికీ పక్కన సీట్లు దొరికాయి, అంతే."

"నలుగురికీ కిటికీ పక్కనేనా భాయీ?" అన్నాడు బటా.

"అదే చెప్తున్నా, ఆగు. ఝిలి ఏడుస్తోందని దైతారి బాబు రాసిన కాకి కథ ఎత్తుకున్నాను. కాకి తాసీల్దారు టోపీ ఎత్తుకుపోతుందే, అది. పక్కనున్నవాడు చెవి ఇటు పెట్టాడు, వాడి వెనకవాడు లేచి నిలబడ్డాడు, వాడికి అడ్డమొచ్చిందని ఇంకోడు లేచాడు, అలా పెట్టెలో ఉన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. అందరూ నిలబడితే సీట్లేమవుతాయి? ఖాళీయే కదా! మేం కూర్చున్నాం. టికెట్లు చూసేవాడు కూడా చేతిలో ఉన్నవి మర్చిపోయి వింటున్నాడు. గార్డు జెండా ఊపడం మానేసి మా కిటికీ దగ్గరికొచ్చి, 'తర్వాత, తర్వాత' అంటాడు. బండి రెండు స్టేషన్లలో ఇరవయ్యేసి నిమిషాలు ఆగిపోయింది. అబద్ధమైతే రైల్వేవాళ్ళని అడుగు."

గోకుళానంద బాబు నవ్వి, రైలు సంగతి ఏదో రాసుకున్నాడు. దుర్యోధన్ కళ్ళు ఆ పెన్సిలు మీదే ఉన్నాయి. అది కదులుతుంటే అతనికి ఊపిరి ఆడుతోంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? బ్రాహ్మణి నది దాటాలి. పడవ ఎక్కాం. నది నడుమకి వచ్చేసరికి ఝిలి చెప్పు జారి నీళ్ళలో పడింది."

అది నిజమే. కుముదిని తల ఊపింది. పడవ అంచు మీంచి కాళ్ళాడిస్తుంటే వద్దు వద్దంటూనే ఉంది తను.

"పడీ పడగానే మొసలి లేచింది. ఇరవై అడుగులు."

"నిరుడు నువ్వు చూసింది పన్నెండడుగులన్నావు," అన్నాడు బటా.

"అది దీని పిల్ల. నోరు తెరిచి చెప్పు గుటుక్కున మింగేసింది. అంతటితో పోతే పోనీలే అనుకుందును, పడవ వంక చూసి లొట్టలేసింది. పడవవాడు తెడ్డు వదిలేసి జగన్నాథా అని కళ్ళు మూసుకున్నాడు. నా జేబులో తీగ చుట్ట ఎప్పుడూ ఉంటుంది కదా, తీశాను, మేం వెండి పువ్వుకి రేకులు కట్టే ముడి ఉంది చూడు, ఆ ముడి వేసి విసిరాను. మూతి చుట్టూ మూడు చుట్లు. నోరు తెరవలేదు, పారిపోలేదు. రెండో కొస పడవకి కట్టాను. అవతలి ఒడ్డు దాకా అదే లాక్కెళ్ళింది. పడవవాడు తీరుబడిగా బీడీ వెలిగించుకున్నాడు."

"మరి ఆ తీగ?" అన్నాడు బటా.

"దానికే వదిలేశా. ఆడ మొసలి. పెళ్ళికీ పేరంటానికీ పెట్టుకుంటుంది."

బటా పగలబడి నవ్వాడు. గోకుళానంద బాబు నవ్వలేదు. పెన్సిలు ఆగిపోయింది. దుర్యోధన్ అది చూశాడు. కథ పలచనయింది కాబోలు, ఇంకొంచెం చిక్కగా పోయాలి అనుకున్నాడు. ఆగమని తలుపు చాటునుంచి కుముదిని గాజులు గలగలలాడించింది. అతనికి అది తాళంలా వినపడింది.

"ఒడ్డున దిగేసరికి బాబూ, ఊరు ఊరంతా రేవులోనే ఉంది! శంఖాలు, మృదంగాలు, ఆడవాళ్ళు నాలుకాడిస్తూ చేసే ఉలుఉలు ధ్వనులు. ఎవరో మంత్రిగారు వస్తున్నారేమో, దారివ్వాలని పిల్లలని పక్కకి లాగాను. తీరా చూస్తే అందరూ నా వంకే చూస్తున్నారు. దైతారి బాబు చిన్న కోడలు, తల నెరిసిపోయిన మనిషి, వచ్చి నా చేతులు పట్టుకుంది. 'వచ్చావా నాయనా, మావగారు రాత్రి కల్లోకి వచ్చి చెప్పారు, కటక్ నుంచి ఇద్దరాడపిల్లల తండ్రి వస్తున్నాడు, గది తెరిచి ఉంచమన్నారు' అంది. తీసుకెళ్ళి ఆయన పడుకున్న మంచం మీదే కూర్చోబెట్టింది. ఇక తిండి సంగతి చెప్పనా? పూజలో పెట్టిన ఖీరి పాయసం, మండాపిఠా కుడుములు, పెట్టినవి పెట్టినట్టే మా నలుగురికీ వడ్డించి, దారిలో తినమని మూట కూడా కట్టి చేతికిచ్చింది."

తోటకూర తుంచుతున్న అత్తగారి వేళ్ళు ఆగాయి. కుముదిని ఆవిడ వంక చూసి చటుక్కున తల దించుకుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" దుర్యోధన్ గొంతు తగ్గించాడు. "ఆయన రాస్తూ రాస్తూ వదిలేసిన కథ ఒకటుంది, ఎవరికీ చూపించలేదట. ఆవిడ అది తెచ్చి నా ముందు పెట్టింది. 'దీని చివర ఎవరికీ అందలేదు, నువ్వు చూడు బాబూ' అంది. నాకెందుకమ్మా అన్నాను. వింటుందా? కలం పట్టుకున్నాను. అదేం చిత్రమో గానీ, చెయ్యి దానంతటదే పోతోంది. పేజీ నిండితే గాలి వచ్చి తిప్పేస్తోంది. కిటికీలో కాకులు వరసగా కూర్చుని వింటున్నాయి, ఒక్కటీ కావుమనదు. ఆఖరి ముక్క రాసి ఇంకో మాట కలుపుదామా అని చూస్తున్నానా, గోడ మీద పటంలోంచి దైతారి బాబు దగ్గారు. 'దురియా, చాలు' అన్నారు."

"పటానికి కూడా నీ దెబ్బ తగిలిందన్నమాట," అన్నాడు బటా.

దుర్యోధన్ ఆ మాట విననట్టే జేబులో చెయ్యి పెట్టాడు. నల్లటి పాత సిరాకలం, బంగారు రంగు క్లిప్పు. రెండు చేతులతో పట్టుకుని పైకెత్తాడు.

"ఇదే ఆ కలం. మేం బయల్దేరుతుంటే ఆవిడ గడప దాటి వీధిలోకొచ్చి, నా జేబులో పెట్టి, 'మావగారిది, ఇకనుంచి నీది' అంది."

గోకుళానంద బాబు ముఖం మారిపోయింది. మొసలి దగ్గర అనుమానం వచ్చిన మనిషే, కలం చూడగానే కళ్ళజోడు సర్దుకుని రెండు చేతులూ చాచాడు. కుముదిని కళ్ళు గట్టిగా మూసుకుంది.

"దురియా," అని లోపలినుంచి వినపడింది.

దుర్యోధన్ తల్లి తోటకూర చేట పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేతులానించి లేచి, గుమ్మంలోకి వచ్చింది.

"మీరు వెళ్ళింది ఏ రోజురా?"

"గురువారమే కదమ్మా, నీకు తెలీదా?"

"ఏ మాసం?"

దుర్యోధన్ పైకెత్తిన కలం మెల్లగా దించాడు.

"నేను చెప్తాను. మార్గశిరం. నేనిక్కడ కొలిచే మాణం నిండా ధాన్యం పోసి, గుమ్మం నిండా ఝోటి ముగ్గు వేసి, లక్ష్మిని కూర్చోబెట్టుకున్న రోజు. ఆ రోజు కడుపున పుట్టిన కూతురు అత్తారింటినుంచి వచ్చినా పూజలో పెట్టిన ఖీరి చెంచాడు పెట్టం. పక్కింటావిడ అగ్గిపెట్టె అడిగితే రేపు రమ్మంటాం. ఉప్పురాయి కూడా గడప దాటనివ్వం. ఆ మహాతల్లి నీకు ఖీరి పెట్టి, మూట కట్టి, మావగారి కలం వీధిలోకి తెచ్చి మరీ ఇచ్చిందా? లక్ష్మిని సాగనంపడానికి అంత తొందరేమొచ్చిందిరా ఆ ఇంటికి?"

బటా టీ గ్లాసు నోటి దగ్గరే ఆపేశాడు.

"పైగా ఆ కలం నీ పెళ్ళికి మీ మావగారు పెట్టింది. మూత మీద నువ్వు కొరికిన గాట్లు కూడా ఉన్నాయి, చూడు."

బటా నవ్వుతో మెలికలు తిరిగిపోయాడు, టీ కాస్తా లుంగీ మీద ఒలికింది. గోకుళానంద బాబు చాచిన చేతులు వెనక్కి తీసుకున్నాడు. నోటు పుస్తకం మూసి, పెన్సిలు జేబులో పెట్టుకుని లేచాడు. ఆయనకి కోపం కూడా రాలేదు. కుముదినికి అదే ఎక్కువ బాధనిపించింది.

"సరే దుర్యోధన్, మాస్టారినే పిలుస్తాను. తివాచీల సంగతి నువ్వు చూడు, ఎప్పట్లాగే."

దుర్యోధన్ కలం జేబులో పెట్టుకోబోతే, అది రెండుసార్లు జేబు పక్కకి జారింది. వెండి తీగ కంటికి కనపడనంత సన్నగా లాగే చెయ్యి అది. కుముదిని ఇక ఉండబట్టలేకపోయింది. వరసకి బావగారయ్యే గోకుళానంద బాబుతో ఆమె ఏనాడూ నేరుగా మాట్లాడలేదు. ముసుగు కిందికి లాక్కుని, గుమ్మంలోకొచ్చి, అత్తగారి వంక తిరిగి, సందు చివరి దాకా వినపడేట్టు అంది.

"అత్తయ్యా, బాబుగారిని ఒక్క క్షణం కూర్చోమనండి. మీ అబ్బాయిని జరిగింది జరిగినట్టు చెప్పమనండి. వెనక్కి నడిచిన సంగతి."

"కుముదీ, అది వద్దు," అన్నాడు దుర్యోధన్. చెవులు ఎర్రబడ్డాయి.

"నేను చెప్పను, నా మీద ఒట్టుంది. ఆయన్నే చెప్పమనండి."

గోకుళానంద బాబు నిలబడే ఉన్నాడు, వెళ్ళలేదు. దుర్యోధన్ కలం అరుగు మీద పెట్టేశాడు. తర్వాత చెప్పాడు. అతను అంత పొట్టి మాటలు మాట్లాడగా ఎవరూ వినలేదు.

"రేవులో ఎవరూ లేరు. అడిగి అడిగి ఇల్లు కనుక్కున్నాం. చిన్న ఇల్లు. దైతారి బాబు కోడలు గుమ్మంలోనే ఆపేసింది. 'పూజ మావగారి గదిలోనే పెట్టుకున్నాను బాబూ, ఇవాళ బయటివాళ్ళకి చూపించను, రేపు రండి' అంది. ఆవిడ తప్పేం లేదు. నాకు నోట మాట రాలేదు."

"నీకా?" అన్నాడు బటా.

"నాకే. రునూ ఏడుపు మొదలుపెట్టింది. దాన్ని సముదాయిస్తుంటే ఝిలి కుముది చెయ్యి వదిలించుకుని లోపలికి దూరింది. చెప్పు పోయింది కదా, ఒంటి చెప్పు తిక్కగా ఉందని అది కూడా విప్పేసింది. గదిలో ఝోటికి కలిపిన బియ్యప్పిండి గిన్నె ఉంది. అందులో రెండు కాళ్ళూ పెట్టి, నాన్నా అంటూ పరుగెత్తుకొచ్చింది. తెల్లటి అడుగులు బాబూ. లక్ష్మి ముందునుంచి వీధి గుమ్మం దాకా. అన్నీ బయటికే."

"జగన్నాథా!" అని తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లక్ష్మి అడుగులు ఎప్పుడైనా లోపలికే వేస్తారు. బయటికి వేసిన ఇల్లు ఆవిడ ఎరగదు.

"ఆవిడ కూడా అలాగే అంది. గడప మీద కూలబడిపోయింది. 'తల్లి వెళ్ళిపోయింది, ఇన్నేళ్ళ పూజ' అని ఒకటే ఏడుపు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. కాసేపటికి లేచి, 'ఆ కాళ్ళతోనే మళ్ళీ లోపలికి రావాలి, ఎత్తుకోకూడదు, తనంతట తనే నడిచి రావాలి' అంది. గిన్నె తెచ్చి మళ్ళీ కాళ్ళు తడిపింది. అందరూ అరుస్తుంటే ఝిలి బెదిరిపోయింది. ఒక్క అడుగు వెయ్యదు. నేను ముందు నడిస్తే ఆగిపోతుంది. దానికి నా మొహం కనపడాలి."

గోకుళానంద బాబు మెల్లగా కూర్చున్నాడు.

"అందుకని దాని వైపు తిరిగి, నడుం వంచి, చప్పట్లు కొడుతూ, 'రా తల్లీ, రా' అంటూ నేను వెనక్కి నడిచాను. గడప తగిలింది, తూలాను. అది నవ్వింది. నవ్వి ఒక అడుగేసింది. నేనొకటి, అదొకటి. వసారా దాటాం, గదిలోకొచ్చాం. వెనక మంచముందని నాకు తెలీదు. పిర్రలు తగిలి దాని మీద పడ్డాను. అదే దైతారి బాబు మంచం. కూర్చోలేదు బాబూ, పడ్డాను."

బటా నవ్వలేదు.

"ఇంత మంచి సంగతి ఎందుకు దాచావయ్యా?" అన్నాడు గోకుళానంద బాబు.

"ఎలా చెప్పను? జన్మకొక్కసారి గొప్పవాడింట్లో అడుగుపెట్టాను. అదీ పిర్రలు ముందు పెట్టుకుని. ఆవిడతో ఆ మాటే అన్నాను, తప్పైపోయిందమ్మా అని. ఆవిడ కళ్ళు తుడుచుకుని, 'ఈ గదిలోకి మావగారికి మొహం చూపించాలని వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు నాయనా, పిల్లని చూసుకుంటూ వచ్చినవాడివి నువ్వొక్కడివే' అంది. లక్ష్మిని ఇంట్లోకి తెచ్చినవాళ్ళు బయటివాళ్ళెలా అవుతారని ఖీరి పెట్టింది. ఒక్క మెతుకు గడప దాటనివ్వలేదు. మా చేతులు లోపలే కడిగించింది. ఝిలి కాళ్ళు కడిగిన నీళ్ళు కూడా పెరట్లో తులసికే పోసింది."

"ఆఁ, అదీ పద్ధతి," అంది తల్లి. ఆవిడకిప్పుడు నమ్మకం కుదిరింది.

గోకుళానంద బాబు నోటు పుస్తకం తెరిచి, ముందు రాసుకున్న రైలు సంగతి కొట్టేసి, చాలాసేపు రాసుకున్నాడు. కుముదిని తలుపు చాటునుంచి ఆ పెన్సిలునే చూస్తోంది.

"ఆదివారం వేదిక మీద ఇదే చెప్పు దుర్యోధన్," అన్నాడాయన చివరికి. "వెనక్కి నడిచి కూడా చూపించాలి. పిల్లలు చస్తే నిద్రపోరు."

దుర్యోధన్ ముఖం వెలిగిపోయింది. ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు.

"చూపిస్తాను బాబూ! ఆ అడుగులు ఎన్నో తెలుసా? సరిగ్గా నూట ఎనిమిది! ఒక్కొక్క అడుగులో తామర రేకు..."

"ఇరవై మూడు నాన్నా," అంది రునూ. దొన్నె ఖాళీ అయింది, నోరు కూడా ఖాళీ అయింది. "బయటికి వచ్చేటప్పుడు ఇరవై మూడు. లోపలికి వెళ్ళేటప్పుడు ఇరవై ఆరు. మధ్యలో ఝిలి ఆగి తిరిగింది కదా. నేను లెక్కపెట్టాను."

గోకుళానంద బాబు జేబులో పెట్టుకోబోయిన పెన్సిలు మళ్ళీ తీసి, ఇరవై ఆరు అని రాసుకున్నాడు.

"బటా, ఈసారి తివాచీలు నువ్వు పరుచు. వేదిక మీద రెండు కుర్చీలు వేయించు. ఒకటి దుర్యోధన్‌కి, పక్కనే ఇంకోటి రునూకి."

దుర్యోధన్ ఏదో అనబోయి, కూతురి వంక చూసి, నోరు మూసుకున్నాడు.